తెల్లమెట్ల మీద తోడి

గుంటూరు,
2024 సెప్టెంబరు 9.

జైతూకు,

ప్రేమమ్మ రాస్తున్నాను. ఏ ప్రేమమ్మ అనుకుంటావేమో. మిషన్ హాస్టల్లో కిటికీ పక్క మంచం నీది, దాన్ని ఆనుకుని ఉన్న మంచం నాది. పదో తరగతి మధ్యలో విడిపోయాం. యాభై ఒక్క ఏళ్లయింది.

పోయిన నెల మా వీధిలో అంకమ్మరావు గారి మనవరాలి పెళ్లి జరిగింది. నాదస్వరం పర్చూరు నుంచి వచ్చిందన్నారు. భోజనం పళ్లెం చేత్తో పట్టుకుని నడుస్తుంటే పెద్దాయన తోడి రాగం ఎత్తుకున్నారు. పళ్లెం బల్లమీద పెట్టేసి అటు వెళ్లాను. మీ ఇంటి తోడి అని నాకెలా తెలిసిందంటే చెప్పలేను. ఆయన నాదస్వరం పీక నోట్లోంచి తీసేదాకా ఆగి, "మీరు బుడాన్ సాహెబు గారి అబ్బాయా?" అని అడిగాను. "అవునమ్మా, పీరుని" అన్నారు. నీ సంగతి అడిగితే, "మా చెల్లెలే, మా పక్కిల్లే" అని అడ్రసు చెప్పారు.

నేను మన స్కూల్లోనే ముప్పై నాలుగేళ్లు సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. స్కూలుకి కొత్త కీబోర్డులు కొన్నప్పుడు పాత పియానోని తీసుకెళ్లమన్నారు. అది ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. ఆ పియానోయే.

ఒక సాయం అడగాలి. పియానో మీద మి అనే తెల్లమెట్టు దగ్గర మొదలుపెట్టి, నల్లమెట్లు ముట్టకుండా పై మి దాకా వాయిస్తే వచ్చే వరసని మా పుస్తకాల్లో ఫ్రీజియన్ మోడ్ అంటారు. మి ని షడ్జం అనుకుంటే అవే తోడి స్వరాలు. ఏ పుస్తకమూ చూడకుండా పదిహేనో ఏట ఆ సంగతి కనిపెట్టింది నువ్వు. నేను వాయిస్తే స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, తోడి మాత్రం ఉండదు. నాకు నేర్పుతావా? ఉత్తరాల్లోనే.

నీ
ప్రేమ

*

పర్చూరు,
2024 సెప్టెంబరు 23.

ప్రేమకు,

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చిస్తే మా కోడలు బ్యాంకు కాగితమనుకుంది. కవరు మీద ఫోన్ నంబరు రాశావు గానీ ఫోన్ చెయ్యను. మా ఇంట్లో ఫోను మాట్లాడితే నలుగురూ వింటారు. పైగా హాస్టల్లో నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని బోర్డు మీద రాయించేవాళ్లు, గుర్తుందా? ఇన్నేళ్లలో వాటితో ఎవరికీ పని పడలేదు. రాయాలని ఉంది.

నా సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పదహారో ఏట కలీం గారికిచ్చి చేశారు. మంచి మనిషి. పోయి తొమ్మిదేళ్లయింది. ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగుకి పోయాను. ఆకు ముట్టుకుంటే చాలు, ఏ రకమో చెప్పేదాన్ని. కొడుకు అన్వర్ ఎరువుల షాపులో చేస్తున్నాడు. మనవరాలు నగ్మా నర్సింగు చదువుతోంది.

నేను ఏ వాద్యాన్నీ ముట్టను. కానీ పక్కింట్లో అన్న రోజూ సాధన చేస్తాడు, గోడ అడ్డం రాదు కదా.

తోడి గురించి అడిగావు. నువ్వు వాయిస్తే ఎందుకు రావడం లేదో ఇక్కడి నుంచే చెప్పగలను. నువ్వు గాంధారం మీద నిలబడుతున్నావు. పియానో వాళ్లకి అది అలవాటు, మెట్టు నొక్కితే స్వరం వచ్చేసిందనుకుంటారు. తోడిలో గాంధారానికి సొంత చోటు లేదు. రిషభం దగ్గర నుంచి లేస్తుంది, మధ్యమం వైపు చూస్తుంది, మళ్లీ దిగుతుంది. ఆ తిరుగుడే గాంధారం. వాయించేముందు పాడు. గొంతులో ఊగాక అప్పుడు వేళ్లు పెట్టు. పంచమాన్ని కొన్నాళ్లు మరిచిపో. ఊరికే పంచమం మీద వాలితే తోడి తీరుబడిగా కూర్చున్నట్టుంటుంది. దానికి తీరుబడి ఉండకూడదు.

ఇట్లు
జైతున్‌బీ

*

గుంటూరు,
2024 అక్టోబరు 15.

జైతూ,

నీ ఉత్తరం పియానో మీద పెట్టుకుని వారం రోజులు పాడాను. పక్కింటివాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుని వచ్చి పలకరించారు.

వేళ్లతో ఇలా చేశాను. ఎడమచేత్తో కింది మి, దాని పంచమం కలిపి మెల్లగా పట్టుకున్నాను, శృతి పెట్టెలాగా. కుడిచేత్తో రిషభాన్ని తాకీ తాకనట్టు తాకి గాంధారం మీదికి జారి, అక్కడ ఆగకుండా మధ్యమాన్ని ఒక్కసారి మెల్లగా తట్టి వెనక్కి వచ్చాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు బిందె మెట్లమీద దొర్లినట్టుంది. ఒక్కసారి మాత్రం ఏదో అయింది. మా చర్చిలో పియానోలు శృతి చేసే జక్రయ్య గారు అప్పుడే వచ్చారు. "అమ్మగారూ, ఏదీ, అదింకోసారి" అన్నారు. ఇంకోసారి రాలేదు.

నిషాదం కూడా అంతేనా? ధైవతం మీద ఆగొచ్చా?

ఇంకొకటి అడగాలనుంది. ఏ వాద్యాన్నీ ముట్టనని రాశావు. ఎందుకు? ఆ రోజు మీ నాన్నగారు స్కూలుకి వచ్చి నిన్ను తీసుకెళ్లాక ఏం జరిగింది? నాకు తెలీదు. చెప్పాలని లేకపోతే వద్దు.

ప్రేమ

*

పర్చూరు,
2024 నవంబరు 4.

ప్రేమా,

ధైవతం మీద ఆగొచ్చు, మెల్లగా ఊపుతూ. నిషాదం గాంధారానికి చెల్లెలు, దానికీ నిలకడ లేదు. షడ్జాన్ని పట్టుకుని వేలాడకు. స, ప రెండూ వదిలేసి మిగతా వాటి మధ్య తిరుగు. ఎడమచేతి శృతి కూడా కొన్నాళ్లు ఆపెయ్. దాని ఆసరా ఉంటే చెవి బద్ధకిస్తుంది.

నువ్వు అడిగింది ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నాన్న ఒంగోలులో పెళ్లికి పోవాల్సినవాడు. స్కూలు నుంచి కబురొస్తే నాదస్వరం సంచీ భుజాన వేసుకుని బస్సు మారి గుంటూరు వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ గారి గది బయట చెప్పులు విప్పి లోపలికెళ్లాడు. ఆవిడ విరిగిన ముక్కలు బల్ల మీద పెట్టి చూపించింది. నాన్న వాటిని కళ్లకద్దుకున్నాడు. నిజంగా, ప్రేమా. ఎవరిదో పియానో ముక్కల్ని కళ్లకద్దుకున్నాడు. నేను చెయ్యలేదని ఆయనతో చెప్పాను. నీళ్లు నిండిన కళ్లతో నావంక చూశాడు.

బస్సులో చిలకలూరిపేట దాటాక ఒక్క మాట అన్నాడు. "తప్పు చేసినా ఓర్చుకునేవాణ్ణిరా అమ్మా. వాద్యాన్ని గాయం చేసి అబద్ధం కూడా ఆడితే ఎట్లా?" అంతే. కొట్టలేదు, తిట్టలేదు.

ఆ వేసవిలో నాకు నాదస్వరం నేర్పుతానని మాటిచ్చి ఉన్నాడు. ఆడపిల్లకి ఊపిరి చాలదని అందరూ అంటుంటే, "నా కూతురికి చాలుతుంది" అన్న మనిషి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పీరన్నకు పాఠం చెబుతుంటే నేను ఆ గదిలోకి వెళ్తే మెల్లగా వాద్యాన్ని గుడ్డలో చుట్టేసేవాడు. నేను వెళ్లడం మానేశాను. తొంభై నాలుగులో పోయాడు. చివరిదాకా నన్ను ప్రాణంగానే చూశాడు. కానీ నమ్మలేదు.

ఆ సాయంత్రం నేను పెట్టె సర్దుకుంటుంటే నువ్వు నా పక్కన కూర్చుని ఏడ్చావు. "నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు" అన్నావు. హాస్టలు మొత్తంలో ఆ మాట అన్నది నువ్వొక్కదానివే. దాన్ని పట్టుకునే చాలా ఏళ్లు బతికాను. నీ ఉత్తరం రాగానే జవాబు రాసింది అందుకే.

జైతు

*

గుంటూరు,
2024 నవంబరు 12.

జైతూ,

ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు రాసి చించేశాను. ఇంక చించను.

ఆ పియానో తీగ తెంపింది నేను.

ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చాక నువ్వు సంగీతం గదిలో తోడి వాయించావు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గాంధారం దగ్గర ఆగి, "ఇది ఊగాలే. లోపల తీగలే కదా ఉన్నాయి, పట్టుకుని లాగితే ఊగుతుందేమో" అని నవ్వావు. నువ్వు నవ్వులాటకి అన్నావు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను వెళ్లి ముందు పలక తీశాను. ఒక చేత్తో మెట్టు నొక్కుతూ ఇంకో చేత్తో కుట్టుపని కత్తెర పిడితో తీగని పక్కకి నెట్టాను. ఊగింది జైతూ. ఒక్క క్షణం నిజంగానే గాంధారం ఊగింది. నిన్ను పిలిచి చూపిద్దామనుకున్నాను. ఇంకొంచెం గట్టిగా నెట్టాను. తీగ తెగి, కొస విసురుగా తగిలి, కత్తెర జారి, తీగల్ని కొట్టే చెక్క సుత్తులు రెండు విరిగిపోయాయి. పలక పెట్టేసి పారిపోయాను.

సోమవారం ప్రార్థన దగ్గర హెడ్‌మిస్ట్రెస్ గారు, "నిన్న సంగీతం గదిలో ఎవరున్నారు?" అని అడిగారు. నేను, "జైతున్‌బీ ఉందండి, పొద్దున" అన్నాను. అందులో అబద్ధం లేదు. "మధ్యాహ్నం నేనున్నాను" అన్న మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది. ఎవరూ నన్ను అడగలేదు. యాభై ఏళ్లు అది నోట్లోనే ఉంది.

నాకు అమ్మానాన్నా లేరని, హాస్టల్లోంచి పంపేస్తే పోవడానికి చోటు లేదని, నీకైతే నాన్న ఉన్నాడు, ఇల్లుంది, కోప్పడి ఊరుకుంటారని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. సంగీతం టీచరు సుగుణమ్మ గారు ఆ ఏడు ఒక్క పిల్లకే పియానో నేర్పుతానన్నారు. ఆ పిల్లవి నువ్వని అందరికీ తెలుసు. నువ్వు వెళ్లిపోయిన వారానికి ఆవిడ నన్ను పిలిచి, "నువ్వు నేర్చుకుంటావా?" అన్నారు. నేర్చుకుంటానన్నాను. తడుముకోకుండా అన్నాను. నా ఉద్యోగం, నా ఇల్లు, పిల్లలు పెట్టే నమస్కారాలు, అన్నీ ఆ మాటలోంచి వచ్చినవే.

నీ పక్కన కూర్చుని ఏడ్చింది కూడా నిజంగానే ఏడ్చాను. దానికే నాకు ఎక్కువ సిగ్గు.

ఇంకొకటి కూడా దాచాను. పెళ్లిలో నీ పేరు ఎత్తగానే పీరు గారు నవ్వి, "ఎవరు, పియానో ఇరగ్గొట్టిన పిల్లేనా?" అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. తోడి నేర్పమనడం ఒక సాకు. మొదట సాకే. తర్వాత నీ అక్షరాలు చూడాలన్న ఆశతో నిజం చెప్పడం వాయిదా వేశాను.

మీ నాన్నగారి సంగతి నాకు తెలీదు. తెలియకపోవడం తప్పించుకోవడానికి పనికిరాదు. క్షమించమని అడగను.

ప్రేమమ్మ

*

గుంటూరు,
2025 జనవరి 6.

జైతూ,

రెండు నెలలు కావస్తోంది. ఉత్తరం అందిందో లేదో అని రాయడం లేదు. అందిందని తెలుసు. పియానో మూసేశాను. నువ్వు రాయకపోయినా న్యాయమే. ఒక్క మాట: ఎవరికి చెప్పమంటే వాళ్లకి చెబుతాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.

ప్రేమమ్మ

*

పర్చూరు,
2025 జనవరి 29.

ప్రేమమ్మ గారికి,

మీ ఉత్తరాలు రెండూ అందాయి.

నేను రోజూ పొద్దున లేవగానే నాన్న ఫోటో ముందు కాసేపు నిలబడతాను. నవంబరు నుంచి నిలబడలేకపోయాను. ఆయన మీద కోపం వచ్చింది. ఎవరో పిల్ల ఒక మాట మింగితే, నా కూతురు అబద్ధమాడుతోందని ఎలా నమ్మాడు? ఇన్నేళ్లూ ఆయన మీద నాకు కోపం లేదు. చేసింది ఎవరో తెలీదు కాబట్టి ఆ కోపం ఎక్కడా పెట్టకుండా దాచుకున్నాను. మీరు రాశాక అది మీ దగ్గరికి పోవాల్సింది, ముందు నాన్న దగ్గరికి పోయింది. చనిపోయిన తండ్రి మీద కోపగించుకునేలా చేశారు. ఇది మీకు తెలియాలి.

ఎవరికి చెప్పమంటే వాళ్లకి చెబుతానన్నారు. పీరన్నకు చెప్పండి. ఉత్తరంలో కాదు, ఎదురుగా. మా వదిన కూడా ఉండాలి. ఫిబ్రవరి పదహారు ఆదివారం అన్నకు పెళ్లిళ్లు లేవు, ఇంట్లోనే ఉంటాడు. ఆ రోజు నేను మా అన్వర్ అత్తగారి ఊరు పొదిలి పోతున్నాను. నేను ఉండగా మీరు రావద్దు. మీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలీదు.

జైతున్‌బీ

*

గుంటూరు,
2025 ఫిబ్రవరి 17.

జైతున్‌బీ గారికి,

నిన్న వెళ్లొచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చిలకలూరిపేటలో బస్సు మారాను. దారి పొడుగునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, బస్సులో అందరూ దగ్గుతున్నారు. పర్చూరులో దిగి అడిగితే ఇల్లు చూపించారు. పీరు గారు వరండాలో కూర్చుని నాదస్వరం పీకలు ఎండకు పెడుతున్నారు. నన్ను గుర్తుపట్టి, "రండమ్మా, పెళ్లి మాట్లాడటానికి వచ్చారా?" అన్నారు. కాదన్నాను. వదినగారిని కూడా పిలవమన్నాను. ఆవిడ చేటలో కందులు బాగుచేసుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

చెప్పాను. మీకు రాసిన దాంట్లో ఏదీ వదల్లేదు. అన్నగారు విని, "మళ్లీ చెప్పండి" అన్నారు. మళ్లీ చెప్పాను. రెండోసారి కష్టంగా ఉంది.

ఎండలో ఉన్న పీకని ఒకదాన్ని తిప్పి పెట్టారు. తర్వాత, "ఇప్పుడొచ్చి చెబితే నేనేం చెయ్యాలమ్మా? మా నాన్న లేడుగా" అన్నారు. నేను తల వంచుకున్నాను. "మా ఇంట్లో ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారితే, జైతున్ చెయ్యి పడిందా అనేవాళ్లం. అందరం నవ్వేవాళ్లం. అదీ నవ్వేది" అన్నారు. పీకలన్నీ ఒక్కొక్కటే డబ్బాలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

వదినగారు మంచినీళ్లిచ్చింది. నేను తాగుతుంటే, "ఇన్నేళ్లు అన్నం ఎట్లా తిన్నారమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు. తెలుసుకోవాలనే అడిగింది. అరగంట కూర్చుని వచ్చేశాను.

మీ ఇంటి తలుపుకి తాళం ఉంది. అటు చూడకుండా నడిచాను.

పియానో తెరవలేదు.

ప్రేమమ్మ

*

పర్చూరు,
2025 ఏప్రిల్ 10.

ప్రేమకు,

గారు అని రాయడం చేతికి రావడం లేదు. కోపం పోయిందని కాదు.

నువ్వు వచ్చి వెళ్లాక నెలరోజులు పీరన్న మా గడప తొక్కలేదు. సాధన మానలేదు గానీ తోడి ఎత్తుకోలేదు. గోడ ఇవతల నేను వినేదాన్ని కదా, నాకు తెలుసు. వదిన వచ్చి, "మీ అన్నకు నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉందే" అంది. సిగ్గుపడనీ అనుకున్నాను. నేను ఎన్నేళ్లు తల దించుకున్నానో లెక్క ఎవరికి కావాలి?

మొన్న ఆదివారం శ్రీరామనవమి. పందిట్లో కల్యాణానికి మా అన్నదే మేళం, నాన్న కాలం నుంచీ మాదే. పొద్దున వదిన వచ్చి, "నిన్ను తప్పకుండా రమ్మన్నాడు" అని లాక్కుపోయింది. ఆడవాళ్లలో కూర్చున్నాను. తలంబ్రాలయ్యాక పానకం పంచుతున్నారు, జనం లేవబోతున్నారు. అన్న మైకు అడిగి తీసుకున్నాడు. వాడు మైకులో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మాట తడబడింది.

"ఇప్పుడు తోడి వాయిస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మా చెల్లెలు జైతున్‌బీ ఎవరూ నేర్పకుండానే పదిహేనో ఏట పియానో మెట్ల మీద ఇదే తోడి పట్టుకుంది. ఆ పియానో తనే ఇరగ్గొట్టిందని మా ఇంట్లో అందరం అన్నాం. మా నాన్న అన్నాడు, నేనూ అన్నాను. తను చెయ్యలేదు. చెయ్యలేదని తను అప్పుడే చెప్పింది. మేం ఇనలేదు. ఊరందరి ముందూ చెబుతున్నాను" అన్నాడు.

నీ పేరు చెప్పలేదు. నేనూ చెప్పొద్దనలేదు, వాడే చెప్పలేదు.

అందరూ నావైపు తిరిగి చూశారు. నా పక్కన కూర్చున్న సుబ్బరావమ్మ గారు నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాను. అన్న వాయించడం మొదలుపెట్టాడు. డోలు ఆపించి, ఒక్కడే, అరగంట. బాగానే వాయించాడు గానీ ఉద్రేకంలో గాంధారాన్ని మరీ ఊపేశాడు, మధ్యమం నెత్తికెక్కించాడు.

ఇంటికొచ్చాక నా ముందు నిలబడి, "ఏమన్నా అనవే" అన్నాడు. "గాంధారం ఎక్కువ ఊపావన్నా" అన్నాను. వాడు సంచీలోంచి మళ్లీ వాద్యం తీసి, "ఏదీ, ఎంత ఊపాలో పాడు" అన్నాడు. పాడాను. యాభై రెండేళ్ల తర్వాత మా ఇంట్లో వాద్యం దగ్గర కూర్చుని పాడాను. గొంతు పొగాకు ఘాటుకి పాడైపోయింది, పైస్థాయి అందదు. అయినా వాడు విన్నాడు. అదే మళ్లీ వాయించి, "ఇట్లానా?" అన్నాడు. "ఇంకొంచెం తగ్గించు" అన్నాను. చీకటిపడేదాకా కూర్చున్నాం.

నాన్న ఫోటో ముందు నిలబడుతున్నాను. కోపంతోనే నిలబడుతున్నాను. అలాగే అలవాటవుతుందిలే.

నీ సంగతి. నిన్ను క్షమించానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అవుననే జవాబు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు రాస్తాను, రాకపోతే రాయను. నువ్వు పియానో మూసేశానన్నావు. దానివల్ల నాకేం లాభం? నువ్వు శిక్ష వేసుకుంటే నాకు తోడి రాదు, నీకూ రాదు. తెరువు. రిషభం నుంచి గాంధారానికి వెళ్లేటప్పుడు వేలు ఎత్తకు, మెట్టు పూర్తిగా లేవకముందే రెండోది నొక్కు. మధ్యమాన్ని తట్టడం సగం తగ్గించు. నువ్వు రాసిన తీరు చూస్తే అక్కడే చెడుతోంది.

నగ్మాని చూడటానికి జూన్ మొదటి వారంలో గుంటూరు వస్తున్నాను. మీ ఇంటికి వస్తాను. నాకు ఆ పియానో ముందు ఒక్కదాన్నే కూర్చోవాలనుంది. నువ్వు నాకు తలుపు తీసి, బయటికి వెళ్లి వరండాలో కూర్చో. గాంధారం నాకు దొరికిందో లేదో అక్కడి నుంచి నీకూ వినిపిస్తుంది. నేను పిలిస్తే లోపలికి రా. పిలవకపోతే రావద్దు.

జైతు